పెదనాన్న కారుకు బెజవాడ అద్దం

కారు కొనేటప్పుడు మనం ఎన్ని అడుగుతాం! మైలేజీ ఎంత, ఏసీ ఎలా ఉంటుంది, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి, సర్వీసింగ్‌కు ఎంతవుతుంది... లోపలి అద్దం ఎంత వెడల్పు ఉందని అడిగినవాళ్లను మాత్రం నేనింతవరకూ చూడలేదు. షోరూము కుర్రాడూ చెప్పడు. అదొకటి ఉంటుంది, అంతే. బొట్టు సరిచూసుకోవడానికి, వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటున్నారేమో కనిపెట్టడానికి, గుర్తొచ్చినప్పుడు వెనక వచ్చే బస్సును చూడటానికి!

అలాంటిది, పోయిన వేసవిలో మా ఇంట్లో ఒక అద్దం గురించి నెల రోజులు ఫోన్లు నడిచాయి. గుంటూరు నుంచి ఇంగ్లండుకు, ఇంగ్లండు నుంచి హైదరాబాదుకు. అయిదొందలు కూడా చేయని అద్దం. కానీ దాని మీద ఆధారపడి ఉన్నవి చిన్నవి కావు. యాభై ఏళ్లు దాటిన ఒక స్పోర్ట్స్ కారు, 78 ఏళ్ల పెద్దమనిషి, తిరగనని మొరాయిస్తున్న ఆయన మెడ, ‘ఇక ఆ కారు అమ్మేయ్ నాన్నా’ అంటున్న ఆయన కూతురు.

పొదుపరి కొన్న రెండు సీట్ల కారు

ఆ పెద్దమనిషి మా పెదనాన్న. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1974లో బ్రిటన్ వెళ్లి, అక్కడి ప్రభుత్వ వైద్యసేవలో చేరారు. ఆ రోజుల్లో మన వైపు నుంచి అలా వెళ్లిన డాక్టర్లు చాలామందే ఉన్నారు. బర్మింగ్‌హామ్‌కు దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లు ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మనిషి మహా పొదుపరి. ఉత్తరం రాసిన కవరును విప్పి, వెనక వైపు లెక్కలు వేసుకునే రకం. అలాంటాయన 1981లో టాపు మడిచేసే రెండు సీట్ల కారు కొన్నారని తెలిసి మా తాతయ్య చాలా రోజులు నమ్మలేదట. ‘పిల్లదాన్ని ఎక్కడ కూర్చోబెడతాడంటయ్యా, బానెట్టు మీదా?’ అని ఊరంతా అడిగాడని మా నాన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతారు.

ఆ కారు పేరు ఎం.జి.బి. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. 2019 నుంచి మన రోడ్ల మీద ‘హెక్టర్’ వగైరా కార్ల మీద కనిపిస్తున్న పేరు ఇదే. చేతులు మారి మారి చైనా కంపెనీకి చేరింది గానీ, పుట్టింది మాత్రం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో. అక్కడికి దగ్గర్లోని అబింగ్డన్ అనే ఊరి ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఎం.జి.బి.లు తయారయ్యాయి. అన్ని రకాలూ కలిపి అయిదు లక్షలు దాటాయి. స్పోర్ట్స్ కార్లలో అది చాలా పెద్ద సంఖ్య. కోటీశ్వరుల కారు కాదు కాబట్టే అన్ని అమ్ముడుపోయాయి. బడిపంతుళ్లు, గుమస్తాలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు కూడా కొనుక్కోగలిగిన సరదా అది. పెదనాన్నది 1973 మోడల్. ఫ్యాక్టరీ మూతపడిన మరుసటి ఏడాది పాతది కొన్నారు. ముదురు ఆకుపచ్చ రంగు. 1,798 సీసీ ఇంజిన్. పవర్ స్టీరింగ్ లేదు. ఎత్తు నాలుగడుగుల పైన ఒక్క అంగుళం. అందులో కూర్చుంటే పక్కన ఆగిన లారీ చక్రం మన చెవి పక్కన ఉంటుంది.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన ఇలాంటి కార్లను చారిత్రక వాహనాలుగా గుర్తిస్తారు. వాటికి రోడ్డు పన్ను ఉండదు. 2018 నుంచి, పెద్దగా మార్పులు చేయకుండా ఉంచుకుంటే ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అంటే కారుకు వయసు పెరిగేకొద్దీ నిబంధనలు సడలుతాయి. మనిషికి మాత్రం వయసు పెరిగేకొద్దీ బిగుస్తాయి. 70 ఏళ్లు వచ్చాక మూడేళ్లకోసారి లైసెన్సు కొత్తగా తీసుకోవాలి. కళ్లు బాగున్నాయని, బండి నడపడానికి అడ్డొచ్చే జబ్బులేవీ లేవని రాసివ్వాలి. పెదనాన్నకు వచ్చే సంతకం 79వ ఏట.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆయనకు కళ్లు బాగానే ఉన్నాయి. శుక్లాలు తీయించుకున్నాక ఇంకా బాగున్నాయి. మెడే! ఎముకల అరుగుదల. ఎడమకు సగం తిరుగుతుంది, కుడికి అంతకన్నా తక్కువ. ఇంగ్లండులో మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి, దాటిపోయే బండ్లన్నీ కుడి భుజం వెనక నుంచే వస్తాయి. అద్దాల్లో పడని ఆ మూలను చూడాలంటే మెడ తిప్పక తప్పదు. మెడేమో తిరగదు.

ఆటోనగర్‌లో అన్నారు...

రెండేళ్ల కిందట గుంటూరు వచ్చినప్పుడు పెదనాన్న గన్నవరం విమానాశ్రయం నుంచి అద్దె కారులో వెళ్లారు. ఆ డ్రైవరు లోపలి అద్దం మీద మూరెడు పొడవున్న ఇంకో అద్దం బిగించుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుందది. వెనక కిటికీతోపాటు రెండు పక్కల కిటికీలూ అందులో కనిపిస్తాయి. ఆ సంగతి ఆయన మనసులో ఉండిపోయింది. నేను ఇంగ్లండు వస్తున్నానని తెలిసి ఫోన్ చేశారు. ‘పచ్చళ్లు మీ పెద్దమ్మకు తేమ్మా. నాకు మాత్రం ఆ అద్దం తే.’

అక్కడ దొరకవా అంటే దొరుకుతాయి. కానీ బెజవాడ అద్దమే కావాలట! సరే, గుంటూరు వెళ్లినప్పుడు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాను. లారీల బాడీలు కట్టేవాళ్లు, స్ప్రింగులు సాగదీసేవాళ్లు, రేడియేటర్లకు అతుకులు వేసేవాళ్లు. ఆ చప్పుళ్ల మధ్య ఒక చిన్న దుకాణంలో దొరికింది. 30 సెంటీమీటర్ల అద్దం. వెనకవైపు పైనా కిందా స్ప్రింగు కొక్కేలు. పాత అద్దం మీద పెట్టి నొక్కితే పట్టుకుంటుంది. ‘ఏ బండికైనా పట్టుద్ది మేడమ్. వెనకంతా కనపడుద్ది. బస్సు కూడా దాక్కోలేదు’ అన్నాడు దుకాణదారు. ఏ కారుకని అడిగితే చెప్పాను. ‘అయితే ఇంకేం, ఫారిన్ బండికి మన సరుకు’ అని పది రూపాయలు తగ్గించాడు.

చీరల మడతల మధ్య పెట్టుకుని తీసుకెళ్లాను. పగలకుండా చేరింది.

ముందు అట్టముక్క... తర్వాతే అద్దం

‘నొక్కితే పట్టుకుంటుందన్నాడుగా, రెండు నిమిషాల పని’ అనుకున్నాను. పెదనాన్న అలా అనుకోలేదు. రోగిని చూడకుండా మందు రాయని డాక్టరాయె! ముందు అద్దాన్ని కొలిచి, అదే కొలతకు అట్టముక్క కత్తిరించారు.

ఎం.జి.బి. రోడ్‌స్టర్‌లో లోపలి అద్దం మన కార్లలోలాగా గ్లాసుకు అతికించి ఉండదు. ముందు గ్లాసు మధ్యలో పైనుంచి కిందకు ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. గ్లాసు చుట్టూ ఉన్న ఫ్రేమును గట్టిగా పట్టి ఉంచడానికి పెట్టింది. అద్దాన్ని ఆ కడ్డీకే ఒక చిన్న బిగింపుతో తగిలిస్తారు. స్క్రూ వదులు చేస్తే పైకీ కిందకీ జరుగుతుంది. చూడముచ్చటైన ఏర్పాటు. కానీ ఆ ముందు గ్లాసు ఎత్తు తక్కువ. పెద్ద అద్దం పెడితే అది వెనక దారిని చూపిస్తుంది సరే, ముందు దారిలో ఎంత మూసేస్తుంది?

అట్టముక్కను కడ్డీకి కట్టి పెదనాన్న డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నన్ను కారు ముందు ఎడమవైపు నుంచి కుడివైపుకు నడవమన్నారు, రోడ్డు దాటే మనిషిలాగా. నడిచాను. ‘ఆగు. ఇప్పుడు నువ్వు లేవు’ అన్నారు. ఇంకో అడుగు వేశాను. ‘ఇప్పుడూ లేవు.’ మూడో అడుగుకు మళ్లీ ప్రత్యక్షమయ్యానట! అయిదున్నర అడుగుల మనిషిని రెండు అడుగులపాటు మాయం చేసింది ఆ అట్టముక్క. ఎడమవైపు తిరిగేటప్పుడు సరిగ్గా ఆ రెండు అడుగుల్లోనే ఎవరైనా ఉంటే?

అప్పుడు అట్టను కడ్డీ మీద కొంచెం కొంచెం పైకి జరిపాం. మరీ పైకి పోతే ఎండకు అడ్డంగా దించుకునే రేకు దానికి తగులుతోంది. టాపు మూసి చూస్తే గుడ్డ తగులుతోంది. చివరకు అన్నిటికీ తగలకుండా, నా తల ఎప్పుడూ మాయం కాకుండా ఉండే చోటు దొరికింది. కడ్డీ మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. ఆ చోటు కోసం అరపూట పట్టింది.

తర్వాత అద్దం తగిలించాం. కొక్కేలు పట్టుకున్నాయి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే అద్దంలోని పక్కింటి గోడ జాతరలో రంగులరాట్నంలా ఊగింది! పెద్ద అద్దం, ఎక్కువ బరువు. ఆ బరువుకు బిగింపు కడ్డీ మీద నెమ్మదిగా కిందకు జారుతోంది కూడా. పెదనాన్న గ్యారేజీలో వెతికి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చారు. కడ్డీ చుట్టూ ఒక చుట్టు చుట్టి, దాని మీద బిగించారు. జారడం ఆగింది. ఊగడం చాలావరకు తగ్గింది. పూర్తిగా కాదు.

రేసు గెలిచిన అద్దం

‘ఇలాగే ఊగిందట హారన్ అద్దం కూడా’ అన్నారు పెదనాన్న, చేతులు తుడుచుకుంటూ.

రే హారన్ అమెరికా రేసు డ్రైవరు. 1911 మే 30న ఇండియానాపొలిస్‌లో జరిగిన మొట్టమొదటి 500 మైళ్ల రేసు విజేత. అప్పట్లో రేసు కారులో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చునేవాడు. ఆయిల్ సంగతి చూడటంతోపాటు, వెనక నుంచి ఎవరొస్తున్నారో చెప్పడం కూడా అతని పనే. హారన్ ఒక్కడే కూర్చునే సన్నటి కారులో వచ్చాడు. వెనక చూసేవాళ్లు లేకపోతే ప్రమాదమని మిగతావాళ్లు అభ్యంతరం చెప్పారు. దాంతో తన ముందు ఒక అద్దం బిగించాడు. గుర్రబ్బండికి అలాంటి అద్దం ఉండగా అంతకుముందు చూశాడట. గంటకు సగటున దాదాపు 120 కిలోమీటర్ల వేగంతో, 6 గంటల 42 నిమిషాల్లో రేసు ముగించాడు. కారు అద్దం చరిత్ర రాసినవాళ్లందరూ ఆ రోజును చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే, ఆ ట్రాకు ఇటుకలు పరిచింది. ఆ కుదుపులకు అద్దం ఎంతగా వణికిందంటే, అందులో ఏమీ కనిపించలేదని చాలా ఏళ్ల తర్వాత హారనే చెప్పాడు!

నిజానికి అంతకు రెండేళ్ల ముందే ఒక మహిళ ఈ ఆలోచన చేసింది. డొరొతీ లెవిట్ అనే ఇంగ్లండు రేసు డ్రైవరు 1909లో ఆడవాళ్ల కోసం కారు నడపడం మీద ఒక పుస్తకం రాసింది. బండిలో చిన్న చేతి అద్దం పెట్టుకోండి, అప్పుడప్పుడు ఎత్తి పట్టుకుని వెనక ఎవరొస్తున్నారో చూసుకోండి అని అందులో సలహా ఇచ్చింది. జడ వేసుకునే అద్దంతోనే పని జరిగిపోతుందని చెప్పిందన్నమాట. ఇది విని మా పెద్దమ్మ, ‘మరి ఆవిడ పేరెందుకు చెప్పరు ఎవరూ?’ అంది. పెదనాన్న దగ్గర జవాబు లేదు.

రెట్టింపు చూపించి... సగం చేసి

అద్దం నిలబడింది. కారు టాపు తీసి, అందులో చూస్తే కళ్లు చెదిరాయి. ఈ వైపు హెడ్జి, ఆ వైపు పక్కింటివాళ్ల చెత్తబుట్ట, మధ్యలో వీధంతా ఒక్క చూపులో ఉన్నాయి. అంతేకాదు, పక్క సీట్లో కూర్చున్న పెద్దమ్మ కూడా ఒక చివర కనిపించింది. ‘నలభై ఏళ్లకు పైగా పక్కన కూర్చున్నాను. ఇవాళ్టికి కనిపించానన్నమాట’ అని ఆవిడ అద్దంలోంచే చెయ్యి ఊపింది.

మా అక్క, అంటే పెదనాన్న కూతురు, ఆ శనివారమే లీడ్స్ నుంచి వచ్చింది. అంతా చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ‘బాగుంది నాన్నా. వెనక కారు ఎంత దూరంలో ఉందో చెప్పగలవా?’

బ్రిటన్‌లో బండి నడిపే ప్రతివాళ్లకూ ఒక కంటి పరీక్ష ఉంది. 20 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును చదవగలగాలి. పెదనాన్న ఎప్పటికప్పుడు తనను తాను పరీక్షించుకోవడానికి ఇంటి ముందు టేపుతో కొలిచి, 20 మీటర్ల దగ్గర ఒక గుర్తు పెట్టుకున్నారు. ఆయన కారు వెనక సరిగ్గా ఆ గుర్తు దగ్గర అక్క తన కారు ఆపింది. అంతకుముందు ఆయన్ను కళ్లు మూసుకోమంది. తెరిచాక బెజవాడ అద్దంలో చూసి దూరం చెప్పమంది.

పెదనాన్న కాసేపు చూశారు. ‘ముప్పై అయిదు... నలభై మీటర్లు.’

తర్వాత కుడి తలుపుకున్న చిన్న చదును అద్దంలో చూడమంది. ‘ఇరవై’ అన్నారు వెంటనే. అని, తనే నిశ్శబ్దమైపోయారు.

ఆ సాయంత్రం ఆయన భోజనాల బల్ల దగ్గర ఒక పాత కవరు వెనక లెక్కలు వేశారు. స్కేలును అద్దం మధ్యలో ఆనించి చూస్తే రెండు చివర్లా దాదాపు 9 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చింది. అంటే ఆ అద్దం సుమారు 1.2 మీటర్ల వ్యాసార్థమున్న గోళంలోంచి కోసిన ముక్కలాంటిదన్నమాట. ఇంటర్మీడియట్‌లో చదివిన కుంభాకార దర్పణం లెక్కే. 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అదే పొడవున్న చదును అద్దం దాదాపు 28 డిగ్రీల మేర చూపిస్తుంది. ఈ ఉబ్బెత్తు అద్దం 57 డిగ్రీల దాకా చూపిస్తుంది. రెట్టింపు! మరి ఆ రెట్టింపు దృశ్యమంతా అదే అద్దంలో ఎలా పట్టింది? ప్రతిదాన్నీ చిన్నది చేస్తేనే పడుతుంది. 20 మీటర్ల దూరంలోని కారు చదును అద్దంలో కనిపించేదానిలో సగమే కనిపిస్తుంది. మన మెదడుకు తెలిసిన సూత్రం ఒకటే. చిన్నగా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు. అందుకే 20 మీటర్లు 40 అయింది.

ఇందులో ప్రమాదం ఎంతో చూడండి. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 13 మీటర్ల పైన కదులుతుంది. రోడ్డు పక్కన ఆగి ఉన్న మనం బయల్దేరబోతూ అద్దంలో చూసి, ‘ఇంకా 40 మీటర్లుందిలే, మూడు సెకన్లు పడుతుంది’ అనుకుంటాం. నిజంగా ఉన్నది 20 మీటర్లు, ఒకటిన్నర సెకను. మన కార్ల పక్క అద్దాల మీద చిన్న అక్షరాల్లో, వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరగా ఉంటాయని రాసి ఉంటుందే, అది ఊరికే రాసింది కాదు. అమెరికాలో అయితే కొత్త కార్లకు లోపలి అద్దం, డ్రైవరు వైపు అద్దం చదునుగానే ఉండాలని నిబంధన. రెండో వైపు అద్దం ఉబ్బెత్తుగా ఉంటే దాని మీద ఆ హెచ్చరిక ఉండి తీరాలి. ఆటోనగర్ అద్దం మీద అలాంటిదేమీ రాసి లేదు.

ఇంకో రెండు లోపాలు కూడా బయటపడ్డాయి. పాత అద్దానికి కింద చిన్న మీట ఉండేది. రాత్రిపూట వెనక కారు లైట్లు కళ్లలో పడకుండా దాన్ని నొక్కితే వెలుతురు తగ్గేది. కొత్త అద్దం పైన ఎక్కాక ఆ సౌకర్యం పోయింది. టాపు మూసినప్పుడు ఇంకో బాధ. గుడ్డలో కుట్టిన ప్లాస్టిక్ కిటికీలు పసుపెక్కి ఉన్నాయి. అద్దం వెడల్పుగా ఉన్నా అందులో కనిపించేది ఎక్కువగా నల్లగుడ్డే.

తాళాలు ఎవరి చేతిలో?

‘అద్దం పెట్టినంత మాత్రాన మెడ తిరగదు నాన్నా’ అంది అక్క, రాత్రి భోజనాలయ్యాక. గొంతులో కోపం లేదు. ఆమె కూడా డాక్టరే. మోటార్‌వేలోకి చేరే దారిలో ఆయన ఒకసారి వెనక లారీని చూసుకోకుండా వెళ్లడం పక్కన కూర్చుని చూసింది. అది జరిగి ఏడాదైంది. ఏమీ కాలేదు. లారీ హారన్ కొట్టి పక్కకు తప్పుకుంది. కానీ ఆ హారన్ ఆమె చెవిలోంచి పోలేదు.

పెదనాన్న వెంటనే జవాబు చెప్పలేదు. చాలాసేపటి తర్వాత తన డాక్టరు రోజుల సంగతి చెప్పారు. చూపు తగ్గినవాళ్లకు, ఫిట్స్ వచ్చినవాళ్లకు ఇక బండి నడపకూడదని చెప్పాల్సింది ఆయనే. ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. ‘ఒక రిటైర్డ్ మాస్టారు. నేను చెప్పగానే జేబులోంచి తాళాలు తీసి నా బల్ల మీద పెట్టాడు. నాకెందుకండీ, ఇంటికి తీసుకెళ్లండి అన్నా. ఇంటికెళ్తే మళ్లీ నడపాలనిపిస్తుంది డాక్టర్, మీ దగ్గరే ఉంచండి అన్నాడు. సాయంత్రం వాళ్లావిడ వచ్చి తీసుకెళ్లింది. ఆరోజు ఆయనకి ధైర్యం చెప్పాననుకున్నా. ఆయన ఏం పోగొట్టుకున్నాడో మాత్రం ఇప్పుడు తెలుస్తోంది.’

అక్క ఏమీ అనలేదు. పెద్దమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ తర్వాత జరిగింది వాదన కాదు. ఇద్దరు డాక్టర్లు ఒక కేసు గురించి మాట్లాడుకున్నట్టు జరిగింది. అద్దం ఏం చేయగలదు, ఏం చేయలేదు అని కవరు వెనక రెండు వరుసలు రాశారు. చేయగలిగింది: ఎవరున్నారో చెప్పడం. కుడి భుజం వెనక మూలలో ఒక మోటారు సైకిల్ ఉంటే అది ఈ అద్దంలో పడుతుంది. చదును అద్దాల్లో పడదు. చేయలేనిది: ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో చెప్పడం. అది తలుపు మీది చదును అద్దం పని. కాబట్టి ముందు వెడల్పు అద్దంలో చూసి ‘ఎవరు?’ అని అడగాలి. తర్వాత చదును అద్దంలో చూసి ‘ఎంత దూరం?’ అని అడగాలి. రెండో జవాబు వచ్చేదాకా చక్రం తిప్పకూడదు.

వేగంగా పోయే ట్రాఫిక్‌లో పక్క నుంచి చేరాల్సి వచ్చే చోట, రెండు అద్దాలు చూసేంత తీరిక ఉండదు. అక్కడ మెడే తిరగాలి. కాబట్టి మోటార్‌వే వద్దు. రాత్రిపూట వద్దు. వానలో, టాపు మూసి, వద్దు. ఇవి అక్క పెట్టిన షరతులు కావు. పెదనాన్నే ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె రాసింది. చివర ఆమె ఒకటి చేర్చింది. 79వ ఏట లైసెన్సుకు సంతకం పెట్టే ముందు మళ్లీ ఇదే 20 మీటర్ల పరీక్ష. ఆరోజు పక్కన ఆమె కూర్చుంటుంది. ఆమె వద్దంటే వద్దు. పెదనాన్న కవరు తీసుకుని, మందుల చీటీ మీద పెట్టినట్టు కింద సంతకం చేశారు.

మీ కారులోనూ ఉందా?

ఇలాంటి వెడల్పు అద్దాలు ఇప్పుడు మన దగ్గరా మామూలే. విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. మంచి వస్తువే. పెదనాన్న ఇంట్లో చూసినవి గుర్తుపెట్టుకుంటే ఇంకా మంచిది.

స్కేలు ఆనించి చూడండి. చివర్లలో ఖాళీ కనిపిస్తే అద్దం ఉబ్బెత్తుది. ఖాళీ ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ మేర చూపిస్తుంది, అంత ఎక్కువ దూరం జరుపుతుంది. కొనే ముందో బిగించే ముందో అట్టముక్కతో పరీక్షించండి. ఇంట్లోవాళ్లను కారు ముందు అటూ ఇటూ నడవమని, వాళ్లెక్కడ మాయమవుతున్నారో చూడండి. ఖాళీ స్థలంలో మీ కారు వెనక 20 మీటర్ల దూరంలో ఇంకో బండి ఆపించి, రెండు అద్దాల్లోనూ చూడండి. ఒక్కసారి ఆ తేడా కంటికి తెలిస్తే మనసు మర్చిపోదు. రాత్రిపూట వెలుతురు తగ్గించే ఏర్పాటు పోతుందేమో గమనించండి. పోతే రాత్రి ప్రయాణాలకు తీసేయండి. నొక్కితే ఎక్కింది, లాగితే వస్తుంది.

ఇంట్లో డెబ్బై దాటినవాళ్లెవరైనా కారు నడుపుతుంటే, తాళాల సంగతి ఎత్తే ముందు ఒకసారి వాళ్ల పక్క సీట్లో కూర్చుని చూడండి. కళ్లా, మెడా, కాలా, తొందరా... అసలు చిక్కు ఎక్కడుందో తెలిస్తే, దేన్ని వదులుకోవాలో వాళ్లే చెబుతారు. మా పెదనాన్న చెప్పారు.

నేను హైదరాబాదు వచ్చేసిన మూడు వారాలకు ఆయన ఫోన్ చేశారు. కారు పుట్టిన అబింగ్డన్‌కు వెళ్లొచ్చారట. మోటార్‌వే మీద గంటన్నరలో చేరే ఊరికి, పల్లెల మధ్య చిన్న రోడ్ల మీద మూడు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు టీ తాగారు. పెద్దమ్మ పులిహోర కట్టింది. అక్క కూడా వచ్చింది, తన కారులో, దారి పొడవునా వీళ్ల వెనకే.

‘అద్దం ఎలా ఉంది పెదనాన్నా?’ అన్నాను.

‘బాగుందమ్మా. మీ అక్క అందులో ఎక్కడో దూరంగా, చీమంత కనిపించింది. దగ్గర్లోనే ఉందని పక్క అద్దం చెబుతూనే ఉంది.’